గ్రంథసూచిలో మన పేర్లు

(బళ్లారిలో జరిగిన మన సంఘసభ్యుల సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను పండితుడను గాను. గ్రంథాలయశాస్త్రము చదివినవాడనును గాను. పదవ తరగతితో చదువు ముగించి మండీలో కూర్చున్నవాడను. అయినను ఈ విషయమున మాటలాడుటకు నాకొక చిన్న అర్హత గలదని తలంచుచున్నాను. వ్యాపారి ప్రతిదినము పేర్లతోడను, ఖాతాలతోడను పనిచేయువాడు. గ్రంథాలయములోని సూచి కూడ ఒక విధమైన ఖాతా పుస్తకమే.

మనము నాటి వ్యవహారమును నాడు వరుసగా చిట్ఠాలో వ్రాయుదుము. పిమ్మట దానిని ఆసామివారీగా ఆవర్జాకు ఎత్తుదుము. చిట్ఠా ఎంత శుద్ధముగా నున్నను, ఆవర్జాలో ఒకే ఆసామికి రెండు పేర్లతో రెండు ఖాతాలు తెరచినచో అతని బాకీ ఎంతయో తేలదు. గ్రంథాలయములోను ఇంతే. వచ్చిన పుస్తకములను వరుసగా వ్రాసికొను రిజిస్టరు చిట్ఠా వంటిది. గ్రంథకర్త పేరునుబట్టి పుస్తకములను చూపు సూచి ఆవర్జా వంటిది. రిజిస్టరులో పుస్తకమున్నను, సూచిలో కర్త పేరు చెదరిపోయినచో ఆ పుస్తకము ఉండియు లేనిదే యగును.

ఈ దినము నేను మనవిచేయదలచినది ఇంతే: మన ఊరి గ్రంథాలయములలో తెలుగు పుస్తకములు దొరకవని చెప్పుకొనుచున్న మనము, అవి దొరకునట్లు మన గ్రంథకర్తల పేర్లను సరిగా వ్రాసియిచ్చు పనిని మన మీద వేసికొనవలెను. ఆ పని ఇతరులు చేయజాలరు.

సూచి యెందులకు?

అమెరికా దేశస్థుడైన ఛార్లెస్ కట్టర్ అను గ్రంథపాలకుడు 1876లో సూచీకరణ నియమములను ప్రకటించినాడు. సూచి చేయవలసిన పనులను ఆయన స్పష్టముగా చెప్పినాడు. కర్త పేరుగాని, గ్రంథము పేరుగాని, విషయముగాని ఎఱిగినవానికి పుస్తకము దొరకవలెను. అంతేగాదు, ఒక కర్త వ్రాసిన పుస్తకములలో ఆ గ్రంథాలయమున ఏవేవి గలవో ఒక్కచోట కనబడవలెను. ఈ రెండవ పనియే కష్టమైనది. కర్త పేరును ఒకే రూపమున నిలిపిననే గాని ఆతని పుస్తకములు ఒక్కచోటికి చేరవు.

మన దేశమున ఈ శాస్త్రమునకు పితామహుడు శియాళి రామామృత రంగనాథన్‌గారు. ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన నాటికి మన బళ్లారి మద్రాసు రాజధానిలోనిదే. పాఠకుని కాలము వృథాగాకుండ చూడవలెనను సూత్రమును ఆయన 1931లో ప్రకటించిన పంచసూత్రములలో నొకటిగా నిలిపినారు. 1934లో సూచీకరణ నియమావళిని ప్రకటించినారు. 1957 మొదలుకొని బెంగళూరునందే నివసించి 1972లో అక్కడనే పరమపదించినారు. కనుక మన పాత రాజధానికిని, నేటి రాజధానికిని ఆయన చెందినవారే.

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును నడిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారి పేరు మీరెఱిగినదే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకివారు ఊరూర గ్రంథాలయములు పెట్టించినారు. పుస్తకము కొనుట, భవనము కట్టుట మనవారికి అలవడినవి. సూచి వ్రాయుట మాత్రము అంతగా అలవడలేదు.

మన పేరులోని చిక్కు

మన పేరు ఇతరుల పేరువంటిది కాదు. ఆంగ్లేయులకు సొంతపేరు ముందు, వంశనామము చివర. కనుక వారి సూచిలో చివరి మాటను ముందునకు తెత్తురు. తమిళులకు సాధారణముగ ఊరిపేరు, తండ్రిపేరు, పిమ్మట సొంతపేరు. శియాళి ఊరు, రామామృతము తండ్రి, రంగనాథన్ తాను. కన్నడిగులలోను పెక్కుమంది వాడుక ఇట్టిదే. కువెంపుగారి పేరు కుప్పళ్లి వెంకటప్ప పుట్టప్ప. కుప్పళ్లి ఊరు, వెంకటప్ప తండ్రి, పుట్టప్ప తాను. డి.వి.జి. యనగా దేవనహళ్లి వెంకటరమణయ్య గుండప్ప. ఇట్టి పేర్లను చివరి మాట క్రింద చేర్చుట న్యాయమే.

మనకు మాత్రము ఇంటిపేరు ముందు వచ్చును. అది వంశమంతటికి చెందినది, తరతరములుగా నిలుచునది. ఇంగ్లీషువారి వంశనామమువంటి పేరు మనకున్నది, కాని వారికి చివర, మనకు మొదట. తమిళ కన్నడ సోదరుల పేరువలె మన పేరును పైకి కనబడును, కాని ముందున్న మాట ఊరు గాదు, తండ్రి గాదు, ఇల్లు. ఈ భేదము తెలియని లేఖకుడు తనకు తెలిసిన పద్ధతిని మన పేరునకు తగిలించును. ఆతని తప్పేమున్నది?

ఉదాహరణము మన ఊరినుండియే చెప్పెదను. కొలాచలం శ్రీనివాసరావుగారు (1854-1919) బళ్లారిలో న్యాయవాదిగా నుండి తెలుగులో చారిత్రక నాటకములకు దారి తీసిన మహనీయుడు. విజయనగర పతనమును నాటకముగా వ్రాసినారు. ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో రచించినారు. ఆయన పుస్తకములు సూచిలో ఎక్కడ నుండవలెను? ఇంటిపేరు నెఱిగినవాడు "కొలాచలం" క్రింద వెదకును. కన్నడ పద్ధతివాడు "శ్రీనివాసరావు, కె." యని వ్రాయును. ఇంగ్లీషు పద్ధతివాడు చివరి మాటను తెంచి "రావు, కె. ఎస్." అనును. ఏమియు తోచనివాడు పుస్తకముమీద నున్నట్లే "కె. శ్రీనివాసరావు" అని క అక్షరమున వేయును. ఒకే మనుష్యునకు నాలుగు ఖాతాలు! ఇందులో "రావు" అను ఖాతా అన్నిటికంటె చెడ్డది. రావులు, రెడ్లు, శర్మలు, శాస్త్రులు, మూర్తులు అందరును ఒక్క సొరుగులో పడి, ఎవరెవరో తెలియక ఊపిరాడక యుందురు.

నేను చూచిన యొక గ్రంథాలయములో, దాని పేరు ఇక్కడ అనవసరము, కొలాచలమువారి పుస్తకములు మూడు చోట్ల మూడు పేర్లతో నుండెను. నాటకమును వెదకికొనుచు వచ్చిన యొక విద్యార్థికి "లేదు" అను సమాధానమే దొరకినది. పుస్తకము మాత్రము నాలుగు బారల దూరమున అలమారులోనే యున్నది. అలమారులోని స్థానముకూడ కర్త పేరునుబట్టియే నిర్ణయమగునని మఱువరాదు. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యమునకు 894.827 అనియు, కన్నడ సాహిత్యమునకు 894.814 అనియు సంఖ్యలున్నవి. ఆ సంఖ్య క్రింద కర్త పేరులోని మొదటి అక్షరములను వేసి పుస్తకములను వరుసగా పెట్టుదురు. పేరు తప్పినచో కార్డు మాత్రమే గాదు, పుస్తకమే దారి తప్పును.

ఇంకొక ఉదాహరణము. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారును (1853-1912) మన బళ్లారి న్యాయవాదియే. ఆయన సోదరుడు ధర్మవరం గోపాలాచార్యులవారును నాటకకర్త. ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలోని ఊరుగూడ నగుటచేత, అది నివాసస్థలమని తలంచి విడిచిపెట్టినచో అన్నదమ్ములిద్దరును విడిపోవుదురు. పుట్టపర్తి నారాయణాచార్యులవారి పేరుకును ఇదే గతి.

వీరి మేనల్లుడు, మన ఊరి పేరును దేశదేశములకు మోసికొనిపోయిన నటశేఖరుడు బళ్లారి రాఘవ (1880-1946). ఆయన పుట్టినపేరు తాడిపత్రి రాఘవాచార్యులు. ఇక్కడ తాడిపత్రి ఇంటిపేరు. బళ్లారి జనులిచ్చిన పేరు. ఆయనను గూర్చిన పుస్తకములు "తాడిపత్రి" క్రింద పెట్టినచో ఒక్కడును వెదకడు. "బళ్లారి" క్రింద పెట్టినచో ఊరి చరిత్రలతో కలిసిపోవును. "రాఘవ, బళ్లారి" యని నిలిపి, తక్కిన పేర్ల కడ "ఇచ్చట చూడుడు" అని దారి చూపవలెను. కనుక ఇంటిపేరే సర్వత్ర వేదమని నేను చెప్పుట లేదు. లోకము ఏ పేరుతో నెఱుగునో ఆ పేరు తల, తక్కినవి దానికి దారులు.

పొడి అక్షరముల పొరపాటు

మనవారు ఇంటిపేరును పూర్తిగా వ్రాయక పొడి అక్షరములుగా కుదించుట మఱియొక కీడు. రాయప్రోలు సుబ్బారావుగారు వేఱు, నండూరి సుబ్బారావుగారు వేఱు. ఆర్. సుబ్బారావు, ఎన్. సుబ్బారావు అని వ్రాసినచో ఏ సుబ్బారావో చెప్పగల లేఖకుడెవ్వడు? పైగా ఇంగ్లీషు అక్షరముల పేర్లను తెలుగులో వ్రాయునప్పుడు ఒక విచిత్రము జరుగుచున్నది. న అక్షరమున రావలసిన నండూరివారు "ఎన్." అగుటచేత ఎ క్రిందికి పోవుచున్నారు. ర క్రింద రావలసిన రాయప్రోలువారు "ఆర్." అగుటచేత ఆ క్రిందికి పోవుచున్నారు. ఎఫ్., ఎల్., ఎమ్., ఎన్., ఎస్. అన్నియు ఎ క్రిందనే చేరును. తెలుగు అకారాది క్రమమునకు ఇంతకంటె అపచారము లేదు. ఇంటిపేరును పూర్తిగా వ్రాసినచో ఈ బాధయే యుండదు.

వర్ణక్రమమునందలి భేదములు కూడ ఇట్టివే. వెంకట, వేంకట, గుఱ్ఱం, గుర్రం, కొలాచలం, కొలాచలము. చెవికి ఒకటే, అకారాదికి వేఱు. "శ్రీ" అను గౌరవపదమును లెక్కింపరాదని నియమము పెట్టుకొనుట మంచిదే. శ్రీకృష్ణదేవరాయలను కృష్ణదేవరాయలుగా క క్రింద చేర్చుట న్యాయమే. అప్పుడు కన్నడ సూచిలోని కృష్ణదేవరాయనికిని మన రాయలకును పొత్తు కుదురును. కాని శ్రీనాథునిలోని శ్రీని తీసివేసినచో నాథుడు మిగులును. శ్రీశ్రీలో తీసివేసినచో ఎవ్వరును మిగులరు! కనుక నియమముతోపాటు భాష తెలిసిన మనిషియు కావలెను.

కలము పేర్లు, జంట పేర్లు

శ్రీరంగం శ్రీనివాసరావుగారిని శ్రీశ్రీ యని తప్ప లోకమెఱుగదు. భాగవతుల సదాశివశంకరశాస్త్రిగారు ఆరుద్ర. కిళాంబి నరసింహాచార్యులుగారు ఆత్రేయ. శివరాజు వెంకట సుబ్బారావుగారు బుచ్చిబాబు. ఈయనను అసలు పేరుతో చేర్చినచో మఱియొక సుబ్బారావు పైవారితో కలియును. గుడిపాటి వెంకటచలము పుస్తకములు ఒకచోట గుడిపాటి యనియు, ఒకచోట వెంకటచలమనియు, ఒకచోట చలమనియు చెదరియుండుట కలదు. వీరందరికి కలము పేరు తల, అసలు పేరు దారి.

జంటకవుల విషయము మన భాషలో ప్రత్యేకమైనది. తిరుపతి వేంకట కవులనగా దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు. పల్లెపల్లెన పద్యము పాడుకొను పాండవోద్యోగ విజయములు వారివి. దీనిని "కవులు, తిరుపతి వేంకట" అని వ్రాసినవానికి ఏమి చెప్పవలెను? వేంకట పార్వతీశ కవులనగా బాలాంత్రపు వేంకటరావుగారు, ఓలేటి పార్వతీశముగారు. బీనాదేవి యనునది భార్యాభర్తలిద్దరు కలిసి పెట్టుకొన్న పేరు. జంట పేరును చీల్చక యథాతథముగా నిలిపి, ఇద్దరి అసలు పేర్ల కడను దారి చూపవలెను. వేంకటశాస్త్రిగారు విడిగా వ్రాసిన పుస్తకములను ఆయన ఖాతాలోనే యుంచవలెను. వ్యాపారములో భాగస్వాముల కూటఖాతా వేఱు, ఎవరి సొంతఖాతా వారిది వేఱు గదా!

స్త్రీల పేర్లకు వివాహమువలన ఇంటిపేరు మారును. పెండ్లికి ముందొక పుస్తకము, తరువాత నొక పుస్తకము ప్రకటించిన రచయిత్రి సూచిలో ఇద్దరగును. మన సోదరీమణులు ఈ సంగతి గమనించి, తాము ఏ పేరుతో వ్రాయదలచిరో ఆ పేరుతోనే కడదాక వ్రాయుట మేలు.

నియమములు మనకు విరోధము కావు

ప్రపంచ నియమములు మనకు ప్రతికూలమని కొందఱందురు. నేను తెలిసికొన్నంతలో అది నిజము గాదు. రంగనాథన్‌గారి నియమావళి సాధారణముగా పేరులోని చివరి ముఖ్యపదమును తలగా గ్రహించును. అయినను దక్షిణదేశపు పేర్లలో చివరి మాట కులమును మాత్రమే తెలుపునదై, దానికి ముందు సొంతపేరు పూర్తిగా వ్రాయబడియున్నచో, ఆ రెంటిని విడదీయరాదని ప్రత్యేకముగా చెప్పినది. అనగా కృష్ణశాస్త్రిగారిని "శాస్త్రి" యని తెంచుటకు అనుమతి లేదు.

1961 అక్టోబరులో పారిస్ నగరమున ప్రపంచ దేశముల గ్రంథపాలకులు సమావేశమై సూచీకరణ సూత్రములను నిర్ణయించినారు. పెక్కు మాటలు గల పేరులో ఏ మాటను తలగా గ్రహింపవలెనో, ఆ కర్త ఏ దేశపు పౌరుడో ఆ దేశమునందలి వాడుకనుబట్టి నిర్ణయింపవలెననియు, అది సాధ్యము గానిచో ఆయన సాధారణముగా వాడు భాషయందలి వాడుకను గ్రహింపవలెననియు అందొక సూత్రము గలదు. ఈ సూత్రము మనబోటి వారికి ఎంత విలువైనదో చూడుడు. మన దేశమున పేర్లకు ఒకే వాడుక లేదు. కనుక భాషయే ప్రమాణము. రాష్ట్రము కాదు, భాష! బళ్లారిలో నివసించు తెలుగు రచయిత పేరును తెలుగు వాడుకనుబట్టి నిలుపుటకు ఇది చాలును.

పిమ్మట 1978లో ఇంగ్లీషు దేశములవారు ప్రకటించిన రెండవ ఆంగ్లో అమెరికను నియమావళిలో తెలుగు, కన్నడము, తమిళము, మలయాళము పేర్లకు ప్రత్యేక నియమమే యున్నది. వంశనామముగా వాడుకొను పేరున్నచో దాని క్రింద చేర్చవలెను. లేనిచో సొంతపేరు క్రింద చేర్చవలెను. మన ఇంటిపేరు వంశనామమే యని చెప్పవలసినవారము మనమే.

అయితే మనలో మనకే వాడుక ఒకటి కాదని ఒప్పుకొనవలెను. గురజాడ యందుము, విశ్వనాథ యందుము, అవి ఇంటిపేర్లు. వీరేశలింగము అందుము, జాషువా అందుము, అవి సొంతపేర్లు. "విశ్వనాథ" చూచుటకు సొంతపేరువలె నుండుటచేత, తెలియనివాడు విశ్వనాథ సత్యనారాయణగారిని విశ్వనాథుని కుమారుడైన సత్యనారాయణ యని తలంచినను ఆశ్చర్యము లేదు. కనుక ఏది తల, ఏది దారి యను జగడముకంటె, ఒకటి నిర్ణయించి దానినే పాటించుట, తక్కిన వానికన్నిటికి "చూడుడు" కార్డు వ్రాయుట ముఖ్యము.

యంత్రము వచ్చినది గదా!

"ఇప్పుడు సూచి అంతయు కంప్యూటరులోనికి వచ్చినది. ఏ మాట కొట్టినను పుస్తకము కనబడును. ఈ శ్రమ యెందుకు?" అని యువకులు అడుగవచ్చును. కంప్యూటరు మనము కొట్టిన అక్షరమునే వెదకును. తెలుగు లిపి, కన్నడ లిపి అన్నదమ్ములవంటివి. చూచుటకు దగ్గరగా నుండును. కాని యూనికోడు నందు తెలుగునకు ఒక వరుస, కన్నడమునకు వేఱొక వరుస సంఖ్యలు కేటాయింపబడినవి. తెలుగున "కొలాచలం" అని కొట్టినచో కన్నడ లిపిలో నున్న కొలాచలమును, రోమను లిపిలో నున్న కొలాచలమును, ఎవరైనను ముందుగా ముడివేసి యుంచిననే గాని, యంత్రము తనంతట తాను చూపజాలదు. 1958లో కలకత్తానుండి వెలువడనారంభించిన భారత జాతీయ గ్రంథసూచిలో అన్ని భాషల పుస్తకములను రోమను లిపిలోనే చేర్చినారు. సాహిత్య అకాడమి 1901 నుండి 1953 వరకు గల భారతీయ సాహిత్యమునకు ప్రకటించిన సూచియు అట్టిదే. తెలుగు భాగము 1974లో నాలుగవ సంపుటమున వచ్చినది. కనుక ఒక్కొక్క కర్తకు మూడు లిపులలో పేరు వ్రాసి కలుపవలెను.

ఊరి పేరును ఇంతే. 2014 నవంబరు 1న ఇంగ్లీషులో మన ఊరి పేరు బెల్లారి పోయి బళ్లారి అయినది. పాత పుస్తకముల ప్రకటన స్థలము ఒక రూపమున, క్రొత్తవి మఱియొక రూపమున నుండును. రెంటిని ముడివేయనిచో మన ఊరి ముద్రణ చరిత్ర రెండు ముక్కలగును. 2021లో విజయనగర జిల్లా వేఱుపడుటచేత హంపి, హోస్పేటలకు సంబంధించిన పుస్తకములకును ఇట్టి ముడి అవసరమైనది.

దొరకని పుస్తకమునకు గిరాకి లేదు

ఇక ఇందువలన మనకు గలుగు నష్టమును చెప్పెదను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోయినవి. బళ్లారి తాలూకాతో తక్కిన భాగము మైసూరు రాష్ట్రములో చేరినది. ఆ వివాదమును మరల త్రవ్వుట నా ఉద్దేశము గాదు. మనమిక్కడి పౌరులము, కన్నడము మన రాష్ట్రభాష, మన బిడ్డలు దానిని చక్కగా నేర్చుచున్నారు, నేర్వవలెను. కాని మైసూరు రాష్ట్రము 1965లో గ్రంథాలయ చట్టము చేసినది మొదలు మనమును పన్నుతోబాటు గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్నవారమే. కనుక ఆ అలమారులలో మనకును భాగము గలదు. తమ భాషను, లిపిని కాపాడుకొను హక్కును రాజ్యాంగము 29వ అధికరణమున పౌరులకిచ్చినది. భాషాల్పసంఖ్యాకుల రక్షణను విచారించుటకు ప్రత్యేకాధికారిని 350-బి అధికరణము ఏర్పరచినది.

హక్కు కాగితముమీద నున్నది. కాని గ్రంథాలయములో ఏ భాషకు ఎన్ని పుస్తకములు కొనవలెనో నిర్ణయించునప్పుడు అధికారి మొదట చూచునది ఎరవు పుస్తకమును, అనగా ఎన్ని పుస్తకములు ఎవరు తీసికొనిపోయిరను లెక్కను. వ్యాపారిగా ఈ న్యాయము నాకు బాగుగ తెలియును. కదలని సరుకును ఏ వ్యాపారియు మరల తెప్పించడు. తెలుగు పుస్తకము సూచిలో పేరు తప్పి పాఠకునికి దొరకలేదు. దొరకలేదు గనుక ఎరవు లెక్కలో ఎక్కలేదు. లెక్కలో లేదు గనుక తెలుగునకు పాఠకులు లేరని తేలినది. పాఠకులు లేరు గనుక క్రొత్త పుస్తకములు రాలేదు. ఇందులో ఎవరి ద్వేషమును లేదు, ఎవరి కుట్రయు లేదు. ఒక్క కార్డు తప్పుతో మొదలైన గొలుసు మన బిడ్డలకు పుస్తకము లేకుండ చేయుటతో ముగియుచున్నది. పాఠకుడు ఉన్నాడు, పుస్తకము ఉన్నది. నడుమ పేరు తెగినది.

మన మేమి చేయవలెను?

మొదటిది. మన సంఘ గ్రంథాలయములోని పుస్తకములకు ముందుగా మనమే సరియైన సూచి వ్రాసికొనవలెను. ఇంటిపేరు పూర్తిగా, సొంతపేరు పూర్తిగా, కలము పేరు, తెలిసినచో జనన మరణ సంవత్సరములు. ఒకే పేరుగల ఇద్దరిని వేఱుచేయుటకు సంవత్సరమును మించిన గుర్తు లేదు. మన ఇల్లు చక్కదిద్దుకొనక ప్రభుత్వ గ్రంథాలయమును తప్పుపట్టుట తగదు.

రెండవది. మన జిల్లాతో సంబంధముగల తెలుగు గ్రంథకర్తల పట్టిక తయారుచేయవలెను. కొలాచలము, ధర్మవరము వారితో మొదలిడి నేటివారి వరకు, ఒక్కొక్కరి పేరును తెలుగు, కన్నడము, రోమను లిపులలో వ్రాసి, ఏది తలయో ఏవి దారులో చూపి, జిల్లా కేంద్ర గ్రంథాలయమునకు వినయపూర్వకముగా సమర్పింపవలెను. అక్కడి ఉద్యోగులు కన్నడము చదివినవారు. వారికి తెలుగు ఇంటిపేర్ల మర్మము తెలియకపోవుట సహజము. ఫిర్యాదుతో వెళ్లిన వానికంటె పట్టికతో వెళ్లిన వానికి కుర్చీ త్వరగా దొరకును.

మూడవది. మన ఊర పుస్తకములు అచ్చువేయువారు ముఖపత్రము వెనుక కర్త పూర్తి పేరును మూడు లిపులలోను, ప్రకటన సంవత్సరమును, స్థలమును, ప్రకాశకుని పేరును తప్పక ముద్రింపవలెను. సంవత్సరము వేయని పుస్తకము తేదీ లేని హుండీవంటిది. మఱియు 1954 నాటి చట్టము ప్రకారము పుస్తకము వెలువడిన 30 దినములలో కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, చట్టము పేర్కొన్న తక్కిన గ్రంథాలయములకును ప్రతులు పంపవలెను. మద్రాసులోని కన్నెమరా గ్రంథాలయము అందొకటి. పంపని పుస్తకము జాతీయసూచిలో ఎట్లు చేరును?

నాలుగవది. విద్యార్థులు గ్రంథాలయమునకు పోయి తెలుగు పుస్తకములను అడుగవలెను. దొరకనిచో నోటిమాటతో తిరిగిరాక, కర్త పేరు, పుస్తకము పేరు చీటిపై వ్రాసి ఇచ్చి రావలెను. నోటిమాట గాలికి పోవును, చీటి లెక్కకు వచ్చును.

ఐదవది. ఈ పనికి తీరిక గలవారు మన సంఘములోనే యున్నారు. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు, ఇంటిలో ఖాళీగా నున్న చదువుకొన్న స్త్రీలు, సెలవులలోని కళాశాల విద్యార్థులు వారమునకు రెండు గంటలు వెచ్చించినచో పట్టిక సిద్ధమగును. కాగితము, అచ్చు ఖర్చులు మా వర్తకులు భరింతుమని ఈ సభాముఖమున మాట యిచ్చుచున్నాను.

మహాజనులారా! విగ్రహములు నిలుపుటకును, జయంతులు జరుపుటకును మనము వెనుదీయము. అవియు కావలసినవే. కాని వ్రాసిన మనిషికి నిజమైన స్మారకము ఆతని పుస్తకము పాఠకుని చేతికి అందుట. అది అందుటకు ఆతని పేరు సరియైన చోట, సరియైన రూపమున ఒక్క పంక్తి వ్రాసియుండిన చాలును. వచ్చు ఆదివారము ఉదయము పది గంటలకు సంఘ గ్రంథాలయమున ఈ పని ప్రారంభమగును. అక్షరము తెలిసిన ప్రతివారును తమ యింటనున్న తెలుగు పుస్తకముల పేర్లును, కర్తల పూర్తి పేర్లును వ్రాసికొని రావలసినదిగా ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.